కంప్యూటర్ వంతు

ఆ సాయంత్రం లైవ్ నడుస్తుండగా యాంకరు బల్ల మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు. నేను చూశాను. చూడలేదని ఆ తర్వాత నెలల తరబడి అందరికీ చెప్పాను. నేను చేసిన తప్పు అదే కాబట్టి ముందుగా దాన్నే ఒప్పుకుంటున్నాను. ఆ చేతికి అర్థమేమిటో, చూసి కూడా నేనెందుకు కదల్లేదో చెప్పడానికే ఈ మిగతాదంతా.

విజయవాడలో ఒక లోకల్ కేబుల్ చానల్లో నేను కంట్రోల్ రూమ్ చూసేవాణ్ణి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బిల్డింగులో మూడో అంతస్తు. కింద కళ్లజోళ్ల షాపు, పైన కోచింగ్ సెంటరు, మధ్యలో మేము. ఇప్పుడు రిటైరై భవానీపురంలో ఉంటున్నాను. టీవీలో పని చేశానని తెలిస్తే చుట్టుపక్కలవాళ్లు "ఏ ప్రోగ్రామ్‌లో కనపడేవారండీ?" అని అడుగుతారు. ఎందులోనూ కనపడలేదు. అద్దం వెనక చీకటి గదిలో కూర్చుని ఎవరు ఎప్పుడు కనపడాలో చూసుకునేవాణ్ణి. ఆ పని గొప్పదేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అన్నిసార్లు చెప్పుకోవాల్సి వచ్చిందంటేనే మీకు అర్థమై ఉండాలి.

చానల్ ఓనరుని మేమందరం ఎండీ గారు అనేవాళ్లం. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్మి పైకొచ్చిన మనిషి. చానల్ని కూడా అలాగే నడిపేవారు. కొత్త కెమెరా అడిగినా, కొత్త కుర్చీ అడిగినా "పాతదే బిగించు, నడుస్తది" అనేవారు. సాయంత్రాలు మన చానల్ కుక్క కూడా చూడటం లేదని ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి తిట్టారు. అప్పుడు నేను ఒక మాట అన్నాను.

"ఇంటూ సున్నా ఆట ఆడిద్దామండీ. స్క్రీన్ మీద తొమ్మిది గళ్లు వేసి పై వరస నుంచి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇద్దాం. ఫోన్ చేసినవాళ్లు నంబరు చెప్తే అక్కడ ఇంటూ పడుతుంది. కంప్యూటరు సున్నా పెడుతుంది. వరసగా మూడు ఇంటూలు పడితే గెలిచినట్టు."

పలక మీద ఆ ఆట ఆడకుండా పెద్దవాళ్లయినవాళ్లు ఎవరున్నారు? ఎవరికీ నేర్పాల్సిన పనే లేదు. ఎండీ గారికి నచ్చింది, ప్రతి శుక్రవారం సాయంత్రం వేద్దామన్నారు. గళ్లు గీసే సాఫ్ట్‌వేర్ ఒకాయన రాసిచ్చాడు. కంప్యూటరు తనంతట తాను ఆలోచించి సున్నా పెట్టే భాగం రాయడానికి మాత్రం ఇంకా టైము పడుతుందన్నాడు.

"దానికి టైమెందుకయ్యా? మనిషున్నాడుగా," అని ఎండీ గారు నన్ను చూపించారు.

అలా నేను కంప్యూటర్నయ్యాను. చూసేవాళ్లకి మాత్రం "మీరు ఆడుతున్నది కంప్యూటర్‌తో" అనే చెప్పేవాళ్లం.

ఈ ఆటలో జాగ్రత్తగా ఆడేవాణ్ణి ఎవరూ ఓడించలేరు. నేను కావాలని తప్పు గడిలో సున్నా పెడితేనే అవతలివాళ్లు గెలుస్తారు. కాబట్టి మా చానల్లో కుక్కర్లు, చీరలు గెలుచుకున్నవాళ్లందరినీ గెలిపించింది నేనే. ఆ సంగతి ఆఫీసులో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు.

యాంకరుగా దివిసీమ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కాలేజీలో మిమిక్రీ చేసేవాడట. నన్ను మొదటి రోజు నుంచే "బాబాయ్" అన్నాడు. ఆట నడిపే పద్ధతి, ఫోన్‌లో ఎవరిని ఎలా పలకరించాలో, ఎక్కడ నవ్వాలో అన్నీ చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్లో నేనే చెప్పాను. కొద్ది వారాల్లో నేను చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది.

"హలో, ఎవరండీ? టీవీ సౌండ్ తగ్గించండమ్మా."

"తగ్గించానండీ. మా ఆయన మళ్లీ పెంచుతున్నాడు."

"ఆయన్ని కాసేపు వంటింట్లోకి పంపించి గడి చెప్పండి."

"ఐదండీ. కాదు కాదు, ఒకటి. ఒకటి చెప్పమంటున్నాడు."

"ఇంతకీ ఆట మీదా, ఆయనదా?"

"పేరు నాదండీ. పెత్తనం ఆయనది."

ఇలాంటి మాటలకి ఊరంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, మొదట్లో. తర్వాత టీ తాగడానికి కిందకి దిగితే జనం వాడితో ఫోటోలు దిగడానికి వచ్చేవాళ్లు. ఫోను నా చేతికిచ్చి "అంకుల్, ఓ ఫోటో తియ్యరా?" అనేవాళ్లు. తీసేవాణ్ణి. వాడి తల సగం తెగేలా తీసిన రోజులు కూడా ఉన్నాయి. ఆట ఊహ నాది, సున్నాలు నావి, గెలుపోటములు నా వేళ్ల మీద నడుస్తుంటే, ఊళ్లో అందరూ దాన్ని "ఆ అబ్బాయి ఆట" అనేవాళ్లు.

యాంకరుని మరీ ఎక్కువ పొగిడినవాళ్లతో నేను గట్టిగా ఆడేవాణ్ణి. అలా పొగిడిన ఒక ఆవిడ వారం వారం ఫోన్ చేసి, ప్రతిసారీ డ్రా అయ్యి, చివరికి "ఈ కంప్యూటర్‌కి నా మీద ఏదో పగ ఉందండీ" అంది. స్టూడియోలో అందరూ నవ్వారు. ఆవిడ చెప్పింది నిజమే.

ఇంట్లోనూ అదే గోల. మా ఆవిడ ఆ ప్రోగ్రామ్ ఒక్కటి కూడా వదిలేది కాదు. "ఎంత చక్కగా మాట్లాడతాడండీ ఆ పిల్లాడు," అనేది. ఆ సున్నాలు పెట్టేది నేనే అని చెప్పాను. "మీరు మీట నొక్కుతారు, అంతేగా," అంది.

ఇక ఉయ్యూరు మనిషి సంగతి.

ఆటలో ఎవరూ ఎక్కువసేపు ఆలోచించకుండా స్క్రీన్ మూలన ఒక గడియారం తిరిగేది. ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు నంబరు చెప్పాలి. చెప్పకపోతే ఆ వంతు పోతుంది. "కంప్యూటర్ వంతు" అని ఎర్రక్షరాలు వస్తాయి. గడియారాన్ని ఆపే మీట కూడా నా దగ్గరే ఉండేది.

ఒక శుక్రవారం ఒక కాల్ తీసుకుంటే అవతల "హ... హ..." అని ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. లైవ్‌లో నిశ్శబ్దం మా పనిలో వంటింట్లో గ్యాస్ వాసన లాంటిది. పసిగట్టినవాడు పరుగెత్తి వెళ్లి కట్టేస్తాడు. నేను లైన్ కట్ చేయబోయాను. అద్దం అవతల యాంకరు నా వైపు చూడకుండానే బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. ఉండమని. నేను గడియారం ఆపాను. కాసేపటికి "హలో" అన్న మాట పూర్తిగా వచ్చింది. ఆ మనిషికి నత్తి ఉంది. యాంకరు ఆ మాట తాను అందించలేదు, జాలిగా తల ఊపలేదు, గ్లాసులో నీళ్లు ఒక గుక్క తాగి మామూలుగా అడిగాడు.

"చెప్పన్నా, ఎక్కణ్ణుంచి?"

"ఉ... ఉయ్యూరు."

"ఏ గడి?"

"ఐ... ఐ... ఐదు."

ఆ ఒక్క గడి చెప్పి ఫోన్ పెట్టేశాడు. తర్వాతి శుక్రవారం మళ్లీ చేశాడు. ఈసారి రెండు గళ్లు చెప్పాడు. అప్పటి నుంచి అది మా ఇద్దరి మధ్య కట్టుబాటైంది. బల్ల మీద అరచెయ్యి పడితే నేను గడియారం ఆపాలి. నోటితో చెబితే ఫోన్లో మనిషి చిన్నబుచ్చుకుంటాడు కదా.

ఒకరోజు ప్రకటనలు నడుస్తున్నప్పుడు అతను లైన్లోనే ఉండి యాంకరుతో తన సంగతి చెప్పుకున్నాడు. నా హెడ్‌ఫోన్లో అదంతా విన్నాను. ముప్పై ఏళ్లుంటాయి. అన్నయ్యతో కలిసి ఉయ్యూరులో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన పంపుసెట్టు మోటారు ఏదైనా సరే, రాగితీగ చుట్టి మళ్లీ తిప్పగలడు. ఫోన్ మాత్రం ఎత్తడు. ఎత్తినా అవతలి రైతు అతని మాట పూర్తయ్యేదాకా ఆగకుండా పెట్టేస్తాడు. కంకిపాడులో సొంతంగా షాపు పెట్టుకుంటానంటే అన్నయ్య ఒకటే మాటన్నాడట. "ఫోనెత్తి నలుగురితో మాట్లాడలేనోడివి షాపేం నడుపుతావురా?"

అందుకే అతను మాకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఇంత జనం వింటుండగా ఒక్క ఆట మొదటి నుంచి చివరిదాకా, ఒక్క వంతూ పోకుండా ఆడి చూపిస్తే అన్నయ్య ఒప్పుకుంటానన్నాడు.

"వ... వచ్చే శుక్రవారం అన్నయ్యని టీ... టీవీ ముందు కూర్చోబెడతాను," అన్నాడు.

"కూర్చోబెట్టన్నా. నేనున్నాగా," అన్నాడు యాంకరు.

ఆ "నేనున్నాగా" నాకు గుచ్చుకుంది. గడియారం ఆపేది నేను. ఉన్నది నేను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాను. మా ఆవిడ వాళ్ల చెల్లెలి ఆపరేషన్ గురించి ఏదో చెబుతోంది. నేను మధ్యలో అందుకుని "సరే, వెళ్దాంలే" అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"వెళ్దామని కాదు నేను చెప్పేది. మీరెప్పుడైనా నా మాట చివరిదాకా విన్నారా? ఆ యాంకరబ్బాయిని చూడండి. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క నంబరు చెప్పడం కోసం ఎంతసేపు ఆగుతాడో!"

పెరుగన్నం కలపకుండానే లేచి వచ్చేశాను.

ఆఫీసుకి వెళ్లేసరికి ఇంకో ముచ్చట. ఆటకి చీరలు బహుమతిగా ఇచ్చే షాపు ఓనరు, ఆయన భార్య లైవ్ చూడటానికి వచ్చారు. ఎండీ గారు వాళ్లని నేరుగా కంట్రోల్ రూమ్‌లోకి తీసుకొచ్చి నా వెనక నిలబెట్టారు. నాకు పరిచయం చేయలేదు. నన్ను కూడా వాళ్లకి పరిచయం చేయలేదు.

"ఇవన్నీ ఎవరు చేస్తారండీ?" అని ఆవిడ అడిగింది.

"అదంతా కంప్యూటరేనమ్మా. కుర్రాడు మాట్లాడతా ఉంటాడు," అన్నారు ఎండీ గారు.

నేను స్క్రీన్ వైపు తిరిగాను. లైవ్ మొదలైంది.

ఉయ్యూరు మనిషి కాల్ తీసుకున్నాను. అతను ఐదు చెప్పాడు, మధ్య గడి. చెయ్యి బల్ల మీద పడింది, గడియారం ఆపాను. నేను రెండులో సున్నా పెట్టాను. ఈ ఆట తెలిసినవాడు అక్కడ పెట్టడు. అంటే అప్పటిదాకా అతన్ని గెలిపించాలనే నా ఉద్దేశం. అతను ఒకటి అన్నాడు. ఒకటి, ఐదు, తొమ్మిది వరస కాకుండా నేను తొమ్మిది మూశాను. అతను బాగా ఆలోచించి ఏడు అన్నాడు. ఇప్పుడు అతనికి రెండు దారులయ్యాయి, మూడు పెట్టినా గెలుపే, నాలుగు పెట్టినా గెలుపే. నేను ఒకదాన్నే మూయగలను. మూడు మూశాను. నాలుగు ఖాళీగా ఉంది. అతను "నాలుగు" అంటే చాలు, ఆట అయిపోతుంది. నాకు ఇటు మూడులో, తొమ్మిదిలో సున్నాలున్నాయి, మధ్యలో ఆరు ఖాళీ. అది ఎలాగూ నా దాకా రాదు.

"చెప్పన్నా," అన్నాడు యాంకరు.

"నా..." అన్నాడు అతను. "నా... నా..."

సరిగ్గా అప్పుడే నా వెనక నుంచి ఆవిడ నా భుజం మీద తట్టింది. "కొంచెం కుర్చీ పక్కకి జరుపుకుంటారా? యాంకర్ గారు కనపడటం లేదు."

నేను కుర్చీ జరుపుకున్నాను. జరుపుకుంటూ అద్దంలోంచి చూశాను. అరచెయ్యి బల్ల మీద ఉంది. వేళ్లు వెడల్పుగా పెట్టి ఉన్నాయి. నా వేలు మీట మీద ఉంది. ఆ మీట నేను నొక్కలేదు. నియమం నియమమే కదా అనుకున్నాను. ఇంతమందికి ఉన్న గడియారం ఇతనికి మాత్రం ఎందుకు ఆగాలి అనుకున్నాను. మనిషి లోపల కుళ్లు పుట్టినప్పుడు న్యాయం ఎంత బాగా మాట్లాడుతుందో ఆ కొద్ది క్షణాల్లో నాకు తెలిసింది.

ముల్లు చుట్టు తిరిగింది. "కంప్యూటర్ వంతు" అని ఎర్రక్షరాలు వచ్చాయి.

అక్కడైనా ఆగి ఉండవచ్చు. ఏ ఎనిమిదిలోనో సున్నా పారేస్తే అతనికి ఇంకో వంతు వచ్చేది. నేను ఆరు నొక్కాను. మూడు, ఆరు, తొమ్మిది. నిలువుగా మూడు సున్నాలు వెలిగాయి. కంప్యూటరు గెలిచిందని సంగీతం మొదలైంది. ఆ సంగీతం మధ్యలో ఫోన్లోంచి "నాలుగు" అని వినిపించింది. స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా.

తర్వాత లైన్ కట్ అయిపోయింది.

యాంకరు మొహం తెల్లబోయింది. తర్వాత కెమెరా వైపు తిరిగి "తప్పు నాదన్నా. గడియారం నేనే చూసుకోలేదు. మళ్లీ చెయ్యి, ప్లీజ్," అన్నాడు. నా వెనక షాపు ఓనరు నిట్టూర్చాడు. "కంప్యూటర్‌కేం తెలుస్తుంది పాపం," అన్నాడు.

లైవ్ అయ్యాక యాంకరు పరుగున లోపలికి వచ్చాడు.

"బాబాయ్, చెయ్యి పెట్టాను. చూళ్లేదా?"

"వెనక జనం ఉన్నారురా. లైటు అద్దం మీద పడింది. కనపళ్లేదు."

నమ్మాడు. వెంటనే నమ్మాడు. తర్వాతి శుక్రవారం మణికట్టుకి ఎర్ర రిబ్బను కట్టుకుని వచ్చి అద్దం ముందు చెయ్యి ఆడించి చూపించాడు. "ఇప్పుడు కనపడుతుందిగా బాబాయ్?" అన్నాడు. ఆ రిబ్బను వారం వారం కట్టుకునేవాడు. వారం వారం నేను "కనపడుతోంది" అనేవాణ్ణి. ఉయ్యూరు నుంచి కాల్ మాత్రం రాలేదు. ప్రోగ్రామ్ చివర "ఉయ్యూరు అన్నా, చూస్తున్నావా?" అని అడిగేవాడు.

ఒక సాయంత్రం లైవ్ మొదలు కాకముందు నా హెడ్‌ఫోన్లోకి ఒక పెద్దావిడ కాల్ వచ్చింది.

"ఆడటానికి కాదు బాబూ. ఉయ్యూరు నుంచి చేస్తున్నా. మీ ఆటలో మావాడు మాట్లాడేవాడు. ఆ రోజు నుంచి ఫోన్ ముట్టుకోడం లేదు. సమయానికి నా నోరే నన్ను మోసం చేసిందమ్మా అంటాడు. కంకిపాడు షాపు మాటే ఎత్తడు. యాంకర్ బాబుతో ఓసారి మాట్లాడిస్తావా?"

"చెప్తానమ్మా," అన్నాను.

"నువ్వెవరు బాబూ?"

"నేను ఇక్కడ పని చేసేవాణ్ణమ్మా."

ఆ రోజు ఆట ఎలా ఆడించానో నాకు గుర్తులేదు. అతని నోరు అతన్ని మోసం చేయలేదు. నేను చేశాను. ఆ సంగతి ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు. నేను చెప్పనంతకాలం ఆ మనిషి తన నాలుకనే నేరస్తురాలిగా నిలబెట్టుకుంటాడు.

ప్రోగ్రామ్ అయ్యాక యాంకరుని మెట్ల దగ్గర ఆపాను. ఆ పెద్దావిడ అన్న మాటలు చెప్పాను. చెయ్యి చూశానని చెప్పాను. కావాలనే ఆపలేదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, నిన్ను చూసి ఓర్వలేకపోయానని. ఆ మాట ఒక పిల్లాడి ముందు అనడం కష్టమే. అయినా అది చెప్పకపోతే మిగతాదంతా మళ్లీ అబద్ధమే అవుతుంది.

వాడు మణికట్టుకున్న రిబ్బను విప్పుతూ విన్నాడు. విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ రోజే చెప్తే ఆ రోజే ఉయ్యూరు వెళ్లి చెప్పేవాణ్ణి కదా. ఇన్నాళ్లూ ఆయన తన నోటినే తిట్టుకుంటున్నాడు. నేను చెయ్యి సరిగ్గా పెట్టలేదేమోనని నన్ను నేను తిట్టుకుంటున్నా. మీరు మాత్రం రోజూ నాతో టీ తాగారు."

"క్షమించరా."

"నాకెందుకు సార్ చెప్పడం? ఆయనకి చెప్పండి."

సార్ అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ బాబాయ్ అనలేదు. హైదరాబాదు చానల్‌కి వెళ్లిపోయేటప్పుడు కాళ్లకి దండం పెట్టాడు, మర్యాదగా మాట్లాడాడు. సార్ అనే అన్నాడు.

మర్నాడు ఎండీ గారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. లైవ్‌లో నేనే వచ్చి జనానికి చెబుతానన్నాను. ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"కంప్యూటర్ కాదు, ఓ మనిషి కూర్చుని ఆడుతున్నాడని చెప్తావా? చానల్ మూసుకోమంటావా ఏంది?"

"అయితే గడియారమన్నా తీసేయనివ్వండి."

"గడియారం తీసేస్తే వంట వండుకుంటా ఆడతారయ్యా జనం!"

"ఆడనివ్వండి. లేకపోతే నేను ఇవాళే మానేసి బయట చెప్తాను."

ఇన్నేళ్లలో ఆయనకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. "తీసేయ్ ఫో," అన్నారు. తర్వాతి శుక్రవారం నుంచి స్క్రీన్ మూలన గడియారం లేదు. ఎవరూ వంటలు వండుకుంటూ ఆడలేదు. ఉయ్యూరు నుంచి మాత్రం అప్పుడు కూడా కాల్ రాలేదు.

ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు ఇది చదివితే ఒక్కటి చెప్పాలనుంది. తెర వెనక పని చేసేవాడికి తెర మీదివాణ్ణి చూస్తే కడుపు మండే రోజులు వస్తాయి. రావని నేననను. ఆ రోజుల్లో మీ చేతి కింద ఏ మీట ఉందో, దాని అవతల ఏ మనిషి ఉన్నాడో ఒకసారి గుర్తుచేసుకోండి. నేను కుళ్లుకున్నది యాంకరు మీద. దెబ్బ తగిలింది ఉయ్యూరులో. యాంకరుకి దాని వల్ల పోయిందేమీ లేదు.

ఆ మనిషి షాపు పెట్టాడా అని అడుగుతారు. పెట్టాడు. కంకిపాడులో కాదు, పామర్రు వైపు ఎక్కడో, ఇంకో ఏడాది పోయాక. దాంట్లో నాకు భాగం లేదు. ఒక ఏడాది ఆలస్యంలో మాత్రం ఉంది.

ఎండీ గారితో మాట్లాడాక వచ్చిన ఆదివారమే బస్సెక్కి ఉయ్యూరు వెళ్లాను. మెయిన్ రోడ్డు పక్కన సందులో షాపు. గుమ్మం ముందు మట్టి కొట్టుకుపోయిన మోటార్లు. కౌంటర్లో కూర్చున్నాయన అన్నయ్య అని చూడగానే తెలిసింది, చెవి దగ్గర ఫోను ఉంది కాబట్టి. పెట్టేసి నన్ను చూశాడు.

"ఎన్ని హెచ్‌పీ అండీ?"

"మోటారు కాదండీ. మీ తమ్ముడి కోసం వచ్చాను. టీవీ ఆట దగ్గర నుంచి."

లోపల ట్యూబులైటు కింద ఒకతను చెక్క అచ్చు మీద రాగితీగ చుట్టుకుంటున్నాడు. చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

వచ్చే దారంతా ఎలా చెప్పాలో కూడగట్టుకుని వచ్చాను. అక్కడ నిలబడ్డాక అదంతా పోయింది.

"అక్కడ కంప్యూటరు లేదు బాబూ," అన్నాను. "ఆ సున్నాలు పెట్టేది నేను. గడియారం ఆపేది నేను. మీరు నాలుగు అంటున్నారని నాకు తెలుసు. యాంకరు ఆపమని సైగ చేశాడు. నేను ఆపలేదు. వాడి మీద అసూయతో ఆపలేదు. మీ నోటి తప్పు ఏమీ లేదు. పూర్తిగా నా తప్పు."

అన్నయ్య కౌంటరు దాటి వచ్చేశాడు. "పెద్దోడివి, సిగ్గు లేదా? వాడు ఆ రోజు నుంచి అన్నం సరిగా..."

"ను... నువ్వాగు."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. చేతిలోని తీగ కింద పెట్టాడు. నా కళ్లలోకి చూశాడు.

"మీ... మీ..." అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "మీకు వి... వి..."

వినపడిందా అని అడగబోతున్నాడని నాకు తెలుసు. ఆ మాట నా నాలుక చివర ఉంది. అందిస్తే అతనికి శ్రమ తప్పుతుంది, నాకూ ఆ నిలబడటం తప్పుతుంది. పళ్లు బిగించుకుని ఊరుకున్నాను. అన్నయ్య "వినపడింద..." అని మొదలుపెడితే అతను చెయ్యెత్తి ఆపేశాడు.

"మీకు వి... వినపడిందా?"

"వినపడింది."

"విని... కూ... కూడా?"

"విని కూడా."

అప్పుడు తిట్టాడు. తిట్టడం అంటే మనకి గబగబా వచ్చేది. అతనికి ఒక్కో మాటా కొండ ఎక్కి రావాలి. అందువల్ల ఒక్కో మాటా పూర్తి బరువుతో వచ్చి తగిలింది. అమ్మ ముందు, అన్నయ్య ముందు తను ఎలా తలదించుకున్నాడో చెప్పాడు. టీవీ ఉన్న గదిలోకి ఎన్ని రోజులు వెళ్లలేదో చెప్పాడు. నన్ను ఒక మాట అన్నాడు, అది ఇక్కడ రాయను, దానికి నేను తగినవాణ్ణే. మధ్యలో కౌంటరు మీద ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. బయట ఒక రైతు మోటారు సైకిలు మీద నుంచి "ఏవయ్యా, ఉన్నారా?" అని కేక వేశాడు. ముగ్గురం పలకలేదు.

చాలాసేపటికి అతను ఆగాడు. ఊపిరి పీల్చుకుంటున్నాడు. అయిపోయిందో, మధ్యలో ఆగిందో నాకు తెలియలేదు. ఇన్నేళ్లూ ఎవరి మాటలో అయినా ఇలా ఖాళీ దొరికితే చాలు, నేను దూరిపోయేవాణ్ణి.

"ఇంకా ఉందా బాబూ?" అని అడిగాను.

అతను కింద పెట్టిన తీగని పక్కకి జరిపాడు.

"ఉం... ఉంది," అన్నాడు.

గోడవారనున్న స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.